రాయాలని ఉంది, కానీ… : తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా పేట గ్రంథాలయం మేడ మీద గదిలో నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, పదీ పన్నెండు మందిమి కూర్చుని మేం రాసుకున్నవి ఒకరికొకరం చదివి వినిపించుకుంటాం. నేను తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా వచ్చేవాళ్ళు చాలామంది మెట్ల దగ్గరే ఆగి నన్ను పక్కకి పిలిచి అడుగుతారు. ప్రశ్నలు ఇంచుమించు అవే ఉంటాయి. నా అనుభవంలో నిలబడిన జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

రాయాలని మనసులో చాలా ఉంటుంది. పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రాదు. ఎందుకిలా?

ఎవరికి రాస్తున్నారో తేల్చుకోకుండా కూర్చుంటున్నారు కాబట్టి. "పాఠకులు" అంటే ముఖం కనపడదు. ముఖం కనపడని వాళ్ళతో మాట్లాడమంటే ఎవరికైనా నోరు పెగలదు. అదే మీ చెల్లెలు ఫోన్ చేసి "నిన్న పెళ్ళిలో గొడవేంటి?" అని అడిగిందనుకోండి, అరగంట ఆపకుండా చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది దాచుకుని చివర్లో చెప్పాలి, పెళ్ళికొడుకు మేనమామ గొంతు ఎలా పెట్టాలి, ఇవన్నీ మీకు ఎవరూ నేర్పలేదు కదా.

అందుకని ఉత్తరం రాయండి. కాగితం పైన ఒక పేరు రాయండి, "పెద్దక్కకి" అనో "ఒరే శీనూ" అనో. ఆ మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నట్టు రాసుకుంటూ పోండి. అంతా అయ్యాక పేరు కొట్టేయండి. మా దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదటి నెల నేను చెప్పేది ఇదొక్కటే. పేరు కొట్టేసినా ఆ మనిషితో మాట్లాడిన చనువు రాతలో మిగిలిపోతుంది.

మా తరం వాళ్ళకి ఇన్‌లాండ్ లెటర్ గుర్తుండాలి. లోపల నిండిపోతే అంచుల్లో నిలువుగా రాసేవాళ్ళం, ఆఖరికి జిగురు అంటించే మడత మీద కూడా రెండు ముక్కలు ఇరికించేవాళ్ళం. చోటు చాలేది కాదు. "ఏం రాయాలో తోచడం లేదు" అన్న మాట అప్పుడు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. అవతల ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి ఉండేది, అంతే తేడా.

మూడ్ వచ్చినప్పుడు రాయాలా, రోజూ రాయాలా?

రోజూ. అరపేజీ చాలు. మూడ్ కోసం కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మాలో ఒకావిడ పొద్దున్న కుక్కర్ స్టవ్ మీద పెట్టి మూడు విజిళ్ళు వచ్చేలోగా ఎంత రాస్తే అంతే రాస్తుంది. మూడో విజిల్‌కి వాక్యం మధ్యలో ఉన్నా సరే లేచిపోతుంది. మర్నాడు సగం వాక్యం ఎదురుగా ఉంటుంది కాబట్టి మొదలుపెట్టడం తేలికట.

నాది మామూలు జీవితం. రాయడానికి అందులో ఏముంది?

ఈ ప్రశ్న దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇలా అనుకుని ఆగిపోయినవాళ్ళే ఎక్కువమంది.

రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన వచ్చారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం సాలూరు రూటు. మూడు నెలలు వెనక కుర్చీలో కూర్చుని విన్నారు. "మీరూ ఏదైనా రాయండి బాబూ" అంటే "మా బతుకుల్లో ఏముంటుందమ్మా, ఎక్కండి, దిగండి, టికెట్, టికెట్" అన్నారు. నేను ఊరికే ఒక మాట అడిగాను. టికెట్ వెనక చిల్లర బాకీ రాసిచ్చేవారు కదా, తీసుకోకుండా దిగిపోయినవాళ్ళ సంగతేంటి అని.

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. ఆకుకూరల గంప వేసుకుని రోజూ ఎక్కే ముసలమ్మ ఒకతె ఉండేదట. చదువు లేదు. టికెట్ వెనక ఏదో రాస్తున్నారని తెలుసు గానీ, ఏ టికెట్ వెనక రాశారో, దేని మీద రాయలేదో తెలీదు. అడగడానికి మొహమాటం. అందుకని ఏ టికెట్టూ పారేయకుండా కొంగున ముడేసుకునేది. ఒకరోజు బస్సు బయల్దేరే ముందు ముడి విప్పి, టికెట్లన్నీ ఇంజను బానెట్ మీద పోసి "ఇందులో నా డబ్బులేవో చూసి చెప్పు బాబూ" అందట. కొన్ని చెమటకి తడిసి, ఆరి, అక్షరాలు అలికిపోయి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే విడదీసి లెక్కపెట్టారు. 38 రూపాయలు తేలింది. అలికిపోయినవాటికి కూడా అందాజుగా వేసి ఇచ్చారట.

"ఇది రాయండి" అన్నాను. తర్వాతి నెల రాసుకొచ్చారు. ఒకటిన్నర పేజీ. చదువుతుంటే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇప్పుడు ఆయన దగ్గర రెండు నోటుబుక్కులు నిండాయి.

మీకు కూడా ఇలాంటి ప్రశ్నే కావాలి. "నా జీవితం గురించి రాయాలి" అనుకుంటే కొండలా కనిపిస్తుంది. "మా నాన్నగారి జేబులో ఏముండేవి?", "మా ఇంట్లో అప్పు పుట్టినప్పుడు ముందు ఏ వస్తువు తాకట్టుకి వెళ్ళేది?", "నా మొదటి జీతంతో ఏం కొన్నాను, అది ఇప్పుడెక్కడుంది?" ఇలా చిన్నగా అడుక్కోండి. చేతికి తగిలే వస్తువుతో మొదలుపెడితే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారు.

నాకు మంచి భాష రాదు. మా యాసలో రాయవచ్చా?

రాయవచ్చు. ఈ మాట నేను విజయనగరంలో కూర్చుని చెబుతున్నాను కాబట్టి ఇంకా గట్టిగా చెబుతాను. 1892లో మా ఊళ్ళోనే తొలిసారి ఆడిన గురజాడ వారి కన్యాశుల్కంలో మనుషులు వీధిలో మాట్లాడుకున్నట్టే మాట్లాడారు. వాడుక భాషలో రాయడం అప్పటికి పండితులు ఒప్పుకునే పని కాదు. గురజాడతో కలిసి ఇక్కడే చదువుకున్న గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. తెలుగు పిల్లలకి మాత్రం ఎవరూ మాట్లాడని తెలుగులో చదువు చెప్పడమేమిటని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తెలంగాణలో కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 భాషా దినోత్సవం. ఇద్దరూ జనం నోట్లో ఉన్న భాష కోసం నిలబడినవాళ్ళే. వాళ్ళ పేరుమీద ఏటా పండగ చేసుకుంటూ, మన ఇంటి మాట రాయడానికి మనం సిగ్గుపడటం నాకు బాధగా ఉంటుంది.

ఒక్క సూచన. యాస కొత్తగా రాసేవాళ్ళు ముందు సంభాషణల్లో వాడి చూడండి. మీ అమ్మమ్మ మాట మీ అమ్మమ్మ అన్నట్టే రాసి, పైకి చదవండి. నాలుక తడబడకుండా వస్తే సరిగ్గా రాసినట్టు. అచ్చుతప్పుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, అవి దిద్దడానికి నాలాంటి టీచర్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

రాశాక మొదట ఎవరికి చూపించాలి?

చూపించకండి, చదివి వినిపించండి. ఒక్కరికి.

నా సంగతి చెబుతాను. టీచరుగా వేల వ్యాసాలు దిద్దాను గానీ, నాకోసం నేను రాసుకున్నది 46వ ఏట. మా చిన్నప్పటి వీధి గురించి నాలుగు పేజీలు. వీధి చివర ఒక నుయ్యి ఉండేది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అది ఎండిపోయింది, మీద రాళ్ళు పరిచేశారు. దాన్ని తలుచుకుంటూ ఏదో కవిత్వంగా రాశాను. ఆ మధ్యాహ్నం అమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని చదివాను. "ఆ ఏడు నుయ్యి ఎండిపోయింది" అన్న దగ్గర అమ్మ చేతులు ఆగాయి.

"ఎండిపోలేదే పాపా" అంది. "నీళ్ళుండేవి. ఎదురింటి కోడలు అందులో పడిపోయాక ఎవరూ తోడలేదు. మీరు పిల్లలని, ఎండిపోయిందని చెప్పాం."

గోరుచిక్కుడుకాయ ఆమె వేళ్ళ మధ్య సగం విరిచి ఉంది. తర్వాత చాలాసేపు ఆ కోడలి గురించి చెప్పింది. ఆమె ఏ చీర కట్టేది, నా జడలో కనకాంబరాలు ఎలా పెట్టేది. నలభై ఏళ్ళు నేను మోసుకు తిరిగిన జ్ఞాపకం తప్పని ఆ రోజు తెలిసింది. నేను రాయకపోతే, రాసింది అమ్మకి చదివి ఉండకపోతే, ఆమెతోనే ఆ సంగతి వెళ్ళిపోయేది. అమ్మ ఇప్పుడు లేదు.

నలుగురితో ఎందుకు పంచుకోవాలి అని ఎవరైనా అడిగితే నాకు ఈ గోరుచిక్కుళ్ళే గుర్తొస్తాయి. మెప్పు కోసమైతే నేను ఆ రోజే మానేసేదాన్ని, అమ్మ బాగుందని ఒక్క మాటా అనలేదు.

వినేవాళ్ళని "ఎలా ఉంది?" అని అడగకండి, "బాగుంది" అంటారు, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. "ఎక్కడ బోరు కొట్టింది?", "ఎవరెవరో అర్థం కాక ఎక్కడ ఆగారు?" అని అడగండి. ఇంకా మంచిది, చదువుతున్నప్పుడు వాళ్ళ చేతుల వైపు చూడండి.

ఇంట్లోవాళ్ళు, చుట్టాలు ఏమనుకుంటారోనని భయం.

ఉండాల్సిన భయమే. కొట్టిపారేయను. ముఖ్యంగా ఆడవాళ్ళు ఈ ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు. బియ్యం డబ్బాలో నోటుబుక్కు దాచుకున్న మనిషి మా గదిలోనే ఉంది.

రాయడం వేరు, బయటపెట్టడం వేరు. ఈ రెండింటి మధ్య ఎన్నేళ్ళైనా ఆగే హక్కు మీకుంది. రాసేటప్పుడు ఏదీ దాచకండి. బయటపెట్టే ముందు మాత్రం, ఇందులో ఉన్న మనిషి చదివితే ఏమవుతుందని ఒకసారి ఆలోచించండి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, ఊళ్ళో అందరూ పోల్చుకుంటారు. ఆ కోడలి కథ పూర్తిగా రాశాను. మా గదిలో కూడా చదవలేదు. వాళ్ళ అమ్మాయి ఉంది, ఆ అమ్మాయికి ఏం చెప్పి పెంచారో నాకు తెలీదు. ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అది రాసినందువల్ల నాకు మిగతావన్నీ రాయడం వచ్చింది.

అలాగని భయమే గెలవకూడదు. భండారు అచ్చమాంబ గారిని తలుచుకోండి. చిన్నతనంలోనే పెళ్ళై, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన దగ్గరుండి చదువుకుంటుంటే అతని సాయంతో చదువు నేర్చుకున్నారు. 1902లో ఆమె రాసిన కథ పత్రికలో అచ్చైంది. తెలుగులో తొలి కథ అదేనని ఈరోజు చాలామంది అంటున్నారు. ముప్ఫై ఏళ్ళకే కన్నుమూశారు. ఆవిడ "చుట్టాలేమంటారో" అని ఆగి ఉంటే మనకేం మిగిలేది?

చేత్తో రాయాలా, ఫోన్‌లో టైప్ చెయ్యాలా?

మీ ఇష్టం. టైపింగ్ రాకపోతే కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే ఫోనే టైప్ చేసి పెడుతుంది. యాస మాటలు తప్పుగా పడతాయి, దిద్దుకోవాలి. అమెరికాలోనో చెన్నైలోనో పెరిగి, తెలుగు మాట్లాడటం వచ్చి రాయడం రానివాళ్ళకి ఇది పెద్ద వరం.

డీటీపీ సెంటర్‌లో టైప్ చేయిస్తే యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు అక్షరాలే కనిపించే పద్ధతిలో, చేసి ఇమ్మని ముందే చెప్పండి. "అను" అనే పేరున్న పాత ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

నలుగురి ముందు చదవాలంటే కాళ్ళు వణుకుతాయి.

కూర్చుని చదవండి. పెద్ద అక్షరాలతో, వరసకీ వరసకీ మధ్య చోటు వదిలి రాసుకోండి. మొదటి వాక్యం కంఠతా పట్టండి, అది దాటితే గొంతు దారిలో పడుతుంది. "నాకు సరిగా రాదు, ఏదో రాశాను, తప్పులుంటే క్షమించండి" అని మొదలుపెట్టకండి. మరీ టెన్షన్‌గా ఉంటే పక్కవాళ్ళ చేత చదివించండి. మీ మాటలు వేరే గొంతులో వింటే ఎక్కడ సాగదీశారో మీకే తెలిసిపోతుంది.

పత్రికకి పంపాను. జవాబు లేదు. ఇక రాయాలనిపించడం లేదు.

నా మొదటి కథ ఒక వారపత్రికకి పోస్టులో పంపాను. నకలు ఉంచుకోలేదు. ఏడాది ఎదురుచూశాను. అచ్చులో రాలేదు, తిరిగీ రాలేదు. అడిగితే అలాంటిదేమీ అందలేదన్నారు. ఆ కథ పోయింది. మళ్ళీ రాద్దామని కూర్చుంటే పాత వాక్యాలు అడ్డొస్తాయి, సరిగ్గా గుర్తుకూ రావు. ఆ తర్వాత మూడేళ్ళు ఏమీ రాయలేదు. ఆ మూడేళ్ళ మీదే నాకు ఇప్పటికీ బెంగ. కథ పోయినందుకు అంత లేదు.

కాబట్టి నకలు లేకుండా గడప దాటించకండి. పత్రిక ఎంత నిడివి అడిగిందో చూసుకోండి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం జతచెయ్యండి, చాలా పత్రికలు అడుగుతాయి. ఒకేసారి రెండుచోట్లకి పంపకండి. పంపిన రోజే ఇంకొకటి మొదలుపెట్టండి. ఎదురుచూపు సగం తగ్గిపోతుంది.

వాట్సాప్‌లో పెట్టాను. నా పేరు తీసేసి అందరూ పంపించుకుంటున్నారు.

కడుపు మండుతుంది, నిజమే. కాగితం మీదో ఫోన్‌లోనో రాసిన క్షణం నుంచే ఆ రచన మీద హక్కు మీది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించుకోనక్కర్లేదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. పేరు, తేదీ చివర్లో ఒక్కచోటే కాకుండా పైన శీర్షిక కిందా, మధ్యలో ఒకచోటా పెట్టండి. పేరు తీసేసి పంపినవాళ్ళు తెలిసినవాళ్ళైతే ఫోన్ చేసి మర్యాదగా అడగండి. చాలామంది కావాలని చెయ్యరు.

రెండు లైకులు వచ్చాయి.

ఆ ఇద్దరూ ఎవరో చూడండి. వాళ్ళలో ఒకరికి ఫోన్ చేసి ఎందుకు నచ్చిందో అడగండి.

మధ్యలో ఆగిపోయాను. ఏళ్ళు గడిచిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

కొత్తది మొదలుపెట్టకండి. పాతదాంట్లో ఆఖరి పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టు ఇంకో కాగితం మీద తిరగరాయండి. రాస్తూ రాస్తూ ఎక్కడో ఒకచోట "ఇలా కాదు" అని చెయ్యి తనంతట తానే మారుస్తుంది. అక్కణ్ణుంచి మీరు మళ్ళీ రాస్తున్నట్టే. ఏళ్ళ గురించి బాధపడకండి. గురజాడ వారు 1897లో అచ్చైన నాటకాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని బాగా పెంచి, మార్చి 1909లో తెచ్చారు. పన్నెండేళ్ళు. ఇవాళ మనం చదువుతున్నది, చూస్తున్నది ఆ రెండోదే.

పుస్తకం వేయించుకోవాలా?

తొందరపడొద్దు. అయిదు వందల కాపీలు వేసి, సగం మంచం కింద పెట్టుకుని, చూసినప్పుడల్లా దిగులుపడే మనుషుల్ని నేను ఎరుగుదును. ముందు జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్‌తో ఇరవై చేయించండి. నిజంగా చదువుతారనుకున్న ఇరవై మందికి ఇవ్వండి. ఇంకొకటి ఉందా అని ఎంతమంది అడుగుతారో చూసి అప్పుడు ఆలోచించండి. వేయించేటట్టయితే ఐఎస్‌బీఎన్ నంబరు (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి డబ్బులడిగితే ఇవ్వకండి.

ఏం చదివితే రాయాలనిపిస్తుంది?

మీ ఊరివాళ్ళు రాసినవి. మన వీధి, మన మాట అచ్చులో కనపడితే చెయ్యి ఊరుకోదు. వీలైతే ఒకసారి శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళండి. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో మొదలుపెట్టి, 1997లో తెరిచిన కథల లైబ్రరీ అది. ఎక్కడెక్కడి పాత పత్రికల్లోనో పడి ఉన్న కథల్ని ఏరి తెచ్చి భద్రపరిచారు. ఒక్క కథే రాసి ఊరుకున్న మనిషి కథ కూడా అక్కడ వెతుక్కోవచ్చు. మా కండక్టరు గారిని తీసుకెళ్ళాం. ఒక బీరువా ముందు చాలాసేపు నిలబడి "ఇంతమంది రాశారా" అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని టికెట్ వెనక ఏదో రాసుకుంటూ వచ్చారు.

మీ దగ్గరికి రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

ఒక పేజీ, రెండైనా ఫరవాలేదు. మొదటి నెల ఊరికే విన్నా సరే. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, పట్టుకుని ఎక్కండి. సాయంత్రం ఆరు దాటితే ఆ గదిలో వెలుగు చాలదు, కళ్ళజోడు మర్చిపోకండి.